ఎన్నింట్లో ఎన్ని?

శాంతిపురం మండలంలో బోరు వేయించాలంటే ముందు రావలసింది బోరుబండి కాదు, కొబ్బరికాయ. పీచు వలిచి పిలక మాత్రం ఉంచిన కాయను అరచేతిలో పడుకోబెట్టుకుని నీళ్లు చూసేవాయన ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడుస్తాడు. చెప్పులు గట్టుమీదే వదిలేస్తాడు. వెనకాల రైతు, రైతు తమ్ముడు, పిలవకుండానే వచ్చిన పక్కచేని ఆయన. చేను మధ్యలో ఎక్కడో కాయ వణుకుతుంది. పిలక మెల్లగా లేస్తుంది. కాయ అరచేతిలో నిట్టనిలువుగా నిలబడుతుంది. ఆయన మడమతో నేలమీద గుర్తు గీస్తాడు. ఎవరో రాయి పెడతారు, రాయిమీద పసుపు కుంకుమ పడతాయి. ‘‘ఆరొందల అడుగులకాడ ఒక పొర తగుల్తుంది, ఎనిమిదొందల యాభైకాడ ఇంకోటి. రెండించులకు తగ్గదు పో’’ అంటాడు.

తర్వాత బోరుబండి వస్తుంది. తరచూ అది తమిళనాడు తిరుచెంగోడు బండి. దక్షిణాదిలో బోరు బండ్లకు ఆ ఊరు పుట్టిల్లు. రాయి తగిలేదాకా ఎర్రమట్టి, ఆ తర్వాత తెల్లదుమ్ము. ఇంటిల్లిపాదీ ఆ దుమ్మునే చూస్తూ నిలబడతారు. దుమ్ము తడిసి ముద్దయితే ప్రాణం లేచొస్తుంది. పొడిగానే లేస్తుంటే మాత్రం మాటలు తగ్గుతాయి, రేటు పెరుగుతుంది, ఎందుకంటే లోతుకు పోయేకొద్దీ అడుగు ఖరీదు ఎక్కువ.

నీళ్లు పడ్డాయనుకోండి, ఆ సంగతి పొద్దుగూకేలోపు వి.కోట మార్కెట్ దాకా పాకుతుంది. ‘ఫలానా ఆయన పాయింటు పెడితే తిరుగులేదప్పా’ అని. పడలేదనుకోండి, పొర జరిగిపోయిందంటారు, రెండడుగులు పక్కన వేసుండాల్సిందంటారు, బండివాడు ముందే ఆపేశాడంటారు. పడితే గొప్ప కొబ్బరికాయది, పడకపోతే తప్పు ఇంకెవరిదో. ఈ అధ్యాయం ఆ రెండో రకం బోర్ల గురించి.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. నీళ్లు చూసేవాయన మోసగాడు కాదు. కాయ ఆయన చేతిలో నిజంగానే లేస్తుంది, తాను లేపుతున్నానని ఆయనకు నిజంగానే తెలియదు. గుండ్రటి బరువు అరచేతి మీద నిలకడ లేకుండా ఉన్నప్పుడు మణికట్టు వెంట్రుకవాసి వంగినా చాలు. మనసు ‘ఇక్కడ’ అనుకుంటే కండరం మనకు చెప్పకుండానే కదులుతుందని 1852లో విలియం కార్పెంటర్ అనే ఇంగ్లండు వైద్యుడు రాశాడు. మరుసటి ఏడాది మైకేల్ ఫారడే, దయ్యాలు బల్లలు జరుపుతున్నాయని లండను జనం ఊగిపోతున్న రోజుల్లో, అరచేతికీ బల్లకూ మధ్య కదలగలిగే అట్టపొరలు పెట్టి చూశాడు. ముందు కదిలింది చేయి, తర్వాత బల్ల. కూర్చున్నవాళ్లంతా పెద్దమనుషులే. ఒక్కరికీ తాము తోస్తున్నామని తెలియలేదు.

అయితే మనసు ‘ఇక్కడ’ అని ఎందుకు అనుకుంటుంది? దానికి కారణం ఉండొచ్చు. ముప్ఫై ఏళ్లు చేలమ్మట తిరిగినవాడి కంటికి వాలు, గుబురు చెట్టు, పుట్ట, పక్కచేని బోరు అన్నీ ఏదో ఒకటి చెబుతాయి. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఏ చెట్టుకు ఏ దిక్కున పుట్ట ఉంటే ఎంత లోతున నీరుంటుందో ఒక అధ్యాయమే రాశాడు. అందులో ప్రతి మాటా నిజమని కాదు గాని, చూసి, గుర్తుపెట్టుకుని, చెప్పడమనే పద్ధతి అక్కడుంది. కాబట్టి తేల్చుకోవలసింది ఇది: విద్య కాయలో ఉందా, కంట్లో ఉందా? దీనికి బోరు వేయక్కర్లేదు. ఒక తువ్వాలు చాలు. కళ్లు తెరిచి ఆయన గుర్తుపెట్టిన చోట కనబడకుండా మేకు దిగ్గొట్టి, కళ్లకు గంతలు కట్టి, చేను చుట్టూ నాలుగుసార్లు తిప్పి మళ్లీ నడవమనండి. కాయ అదే మేకు దగ్గర లేస్తే ఈ పుస్తకం నేను వెనక్కి తీసుకుంటాను.

ఇక లెక్క. కుప్పం, పుంగనూరు, మదనపల్లె నేల కింద ఉన్నది గట్టిరాయి. నీళ్లు అందులో చెరువులా నిలవవు. పైనున్న మెత్తరాతి పొరలోనో, లోతున పగుళ్లలోనో ఉంటాయి. పగులు తగిలితే నీళ్లు, తగలకపోతే దుమ్ము. అందుకే ఇక్కడ పడ్డ బోరుకు యాభై అడుగుల్లో ఇంకోటి ఎండుగా పోతుంది. ఒక ఊళ్లో ఎవరు ఎక్కడ పొడిచినా పదింట్లో ఆరు బోర్లకు ఎంతో కొంత నీళ్లు పడతాయనుకుందాం. ఇది నా ఊహే, మీ ఊరి అంకె మీరు వేసుకోండి. అప్పుడు ఏ విద్యా లేనివాడు కూడా పదింట్లో ఆరుసార్లు గెలుస్తాడు. ‘వంద పాయింట్లు పెడితే అరవైకి నీళ్లు పడ్డాయి’ అని ఆయన చెప్పుకుంటే అందులో అబద్ధం లేదు, గొప్పా లేదు. ఆయన పెట్టకపోతే ఎన్నింటికి పడేవో చెప్పినప్పుడే ఆ అరవైకి అర్థం వస్తుంది.

సరే, మా ఆయన ఐదుకు ఐదూ కొట్టాడంటారా? చుట్టుపక్కల ఇలాంటివాళ్లు ఇరవైమంది ఉన్నారనుకోండి. అందరూ గుడ్డిగానే తలా ఐదు పాయింట్లు పెట్టారు. ఒక్కడికి ఐదూ తగిలే అవకాశం నూటికి 8 కూడా లేదు. కానీ ఇరవైమందిలో కనీసం ఒకడికి తగిలే అవకాశం నూటికి 80. అంటే ఏ విద్యా లేని ప్రాంతంలో కూడా ఒక మహానుభావుడు దాదాపు తప్పనిసరిగా పుడతాడు. ఎవడో ముందే చెప్పలేం, అంతే. పుట్టాక ఊరంతా ఆయన దగ్గరికే పోతుంది, మిగతా పందొమ్మిదిమంది పేర్లు ఎవరికీ గుర్తుండవు.

జర్మనీలో దీన్ని పెద్దఎత్తున చూశారు. 1987–88లో మ్యూనిక్ దగ్గర ఒక కొట్టంలో, కింది అంతస్తులో నీటి గొట్టాన్ని పది మీటర్ల గీత మీద అటూ ఇటూ జరుపుతూ, పై అంతస్తులో పంగలకర్రలతో నీళ్లు చూసేవాళ్లను నడిపించారు. ముందు దాదాపు 500 మందిని వడగట్టి, మెరుగ్గా కనబడ్డ 43 మందిని ఎంచుకుని 843 సార్లు పరీక్షించారు. చాలామంది చెప్పింది ఊహకు మించలేదు. కానీ ఆరుగురికి అసాధారణ శక్తి ఉందని పరిశోధకులు తేల్చారు. పదేళ్ల తర్వాత జిమ్ ఎన్‌రైట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త అవే అంకెలు తిరగేసి, ఒక విడతలో బాగా చెప్పినవాడు మరో విడతలో చెప్పలేకపోయాడని చూపించాడు. నలభైముగ్గురు గుడ్డిగా రాళ్లు విసిరినా కొందరివి గురికి దగ్గరగా పడతాయి. రాళ్లు విసరడం అయ్యాక ఆ కొందరినే పిలిచి దండలు వేయడం పరీక్ష కాదు, సన్మానం.

ఇప్పుడు ఎండిన బోరు దగ్గర నిలబడ్డ రైతు దగ్గరికి వద్దాం. నాలుగు పోయాయి. అప్పు మీద అప్పు. ఇంటికొచ్చిన బావమరిది ధైర్యం చెబుతాడు: ‘‘నాలుగు పోయినాయంటే ఐదోది ఖాయంగా పడతాది బావా, యాడికి పోతాది!’’ ధర్మరాజు పాచికల ముందు కూర్చుని అనుకున్నదీ ఇదే: ఓడింది చాలు, ఈసారి వంతు మనది. నేలకు వంతులు తెలియవు. తన కింద ఎన్ని బోర్లు ఎండాయో రాయి లెక్క పెట్టుకోదు.

కానీ పుస్తకాల్లో చెప్పినట్టు ‘ప్రతి బోరూ కొత్త బోరే, పాతవాటితో సంబంధం లేదు’ అని కూడా నేను అనను. అది నాణేనికి సరిపోతుంది, చేనుకు సరిపోదు. నాణెం ఎలాంటిదో మనకు ముందే తెలుసు. చేను ఎలాంటిదో తెలియకే కదా పొడుస్తున్నాం. చేలు రెండు రకాలనుకోండి. మంచి చేలో పదింట్లో ఏడు బోర్లకు నీళ్లు, గడ్డు చేలో పదింట్లో ఒక్కదానికే. మనది ఏదో తెలియదు, సగం సగం. మొదటి బోరుకు నీళ్లు పడే అవకాశం నూటికి 40. అది ఎండింది. మంచి చేలో బోరు ఎండడం పదింట్లో మూడుసార్లు, గడ్డు చేలో తొమ్మిదిసార్లు. కాబట్టి ఒక్కో ఎండు బోరు ‘ఇది గడ్డు చేను’ అనే వాదనకు మూడింతల బలం ఇస్తుంది. ఒకటికి ఒకటిగా మొదలైన పందెం ఒకటికి మూడు, ఒకటికి తొమ్మిది, ఇరవై ఏడు, ఎనభై ఒకటి అవుతుంది. వేళ్లమీద లెక్కే. దాన్నిబట్టి తర్వాతి బోరుకు నీళ్లు పడే అవకాశం 40 నుంచి 25కు, 16కు, 12కు, నాలుగు పోయాక నూటికి 11కు దిగుతుంది.

బావమరిది చెప్పినదానికి ఇది సరిగ్గా తలకిందులు. నాలుగు ఎండిన బోర్లు ఐదోదానికి హామీ కాదు, దానిమీద చాడీ. విచిత్రమేమిటంటే ఇదే రైతు ఎద్దును కొనేటప్పుడు ఈ తప్పు చేయడు. నాలుగుసార్లు కాడి కింద కూలబడిన ఎద్దు ఐదోసారి తప్పకుండా లాగుతుందని ఏ సంతలోనూ ఎవరూ అనరు. ఎద్దు విషయంలో బుర్ర పనిచేసి బోరు విషయంలో ఎందుకు మొరాయిస్తుంది? నా అనుమానం, పెట్టిన డబ్బు వల్ల. నాలుగు బోర్ల ఖర్చు వృథా అని ఒప్పుకోవడం కంటే ఐదోది వేయడమే ఆ రాత్రికి తేలిక.

ఎండిన బోర్ల గొంతు వినబడకపోవడానికి ఇంకో కారణం ఉంది. 2023 జులై చివర్లో మదనపల్లె మార్కెట్‌లో మొదటిరకం టమాటా కిలో రెండొందల రూపాయల దరిదాపులకు పోయింది. చిత్తూరు, కోలారు ప్రాంతాల్లో టమాటాతో కోట్లు గడించిన రైతుల ఫొటోలు ప్రతి పేపర్లో వచ్చాయి. అవి అబద్ధాలు కావు. కానీ ఆ కోటి చూసి నారు కొన్నవాళ్ల పంట మార్కెట్‌కు చేరేసరికి, సెప్టెంబరు కల్లా, ధర నేలకు దిగింది. రోడ్డు పక్కన పారబోసిన టమాటాల ఫొటో కూడా వస్తుంది గాని అందులో రైతు పేరుండదు, మొహం ఉండదు. గెలిచినవాడికి పేరు, ఓడినవాళ్లకు కుప్ప. ధర చూసి నాట్లేయడం, అందరూ వేస్తే ధర కూలడం, కూలితే ఎవరూ వేయకపోవడం, మళ్లీ ధర లేవడం – దీన్ని 1930లలోనే ఆర్థికవేత్తలు గీసి చూపించి సాలెగూడు సిద్ధాంతమన్నారు, గీత అలాగే చుట్టలు తిరుగుతుంది కనుక. మదనపల్లె రైతులకు ఆ గీత అక్కర్లేదు, ఒంటిమీదే ఉంది.

కనబడనివాటిని లెక్కలోకి తెచ్చిన మనిషి అబ్రహాం వాల్డ్. రెండో ప్రపంచయుద్ధంలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సైన్యం కోసం లెక్కలు కట్టిన గణాంకవేత్తల బృందంలో పనిచేశాడు. బాంబింగుకు పోయి తిరిగొచ్చిన విమానాల ఒంటినిండా, రెక్కలనిండా తూటా చిల్లులు. ఇంజన్ల దగ్గర మాత్రం తక్కువ. చిల్లులు ఎక్కువున్న చోట రేకు మందం చేయాలని ఎవరికైనా తోస్తుంది. వాల్డ్ చూసింది తిరిగిరాని విమానాలను. ఇంజనుకు దెబ్బ తగిలినవి తిరిగి రాలేదు, అందుకే ఆ చిల్లులు మన లెక్కలో లేవు. 1950 డిసెంబరులో, ఆహ్వానం మీద మన దేశానికి వచ్చి ఉపన్యాసాలిస్తూ తిరుగుతుండగా ఆయన, ఆయన భార్య ఎక్కిన విమానం నీలగిరుల్లో కూలిపోయింది. శాంతిపురం నుంచి చూస్తే అదేమంత దూరం కాదు.

కనబడనిదాన్ని పట్టుకునే తెలివి మనకు కొత్తదీ కాదు. భారతం అరణ్యపర్వంలో నలోపాఖ్యానం గుర్తుందా? ఋతుపర్ణుడు రథంలో పోతూ పోతూ ఒక తానిచెట్టును చూసి దాని ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. బాహుకుడి వేషంలో ఉన్న నలుడు నమ్మడు. రథం ఆపి, చెట్టు పడగొట్టి లెక్కపెడతాడు. లెక్క సరిపోతుంది. ఋతుపర్ణుడికి తెలిసింది అక్షహృదయం, పాచికల రహస్యం. ఆ తానికాయలే పాచికలు. జూదంలో రాజ్యం పోగొట్టుకున్న నలుడికి ఈ విద్య అబ్బగానే కలి వదిలిపోతాడు. కొమ్మ చూసి చెట్టు చెప్పే విద్యా, జూదం గుట్టూ ఒకటేనని ఆ కథ అల్లినవాళ్లకు ఎలా తోచిందో గాని, యూరప్ గణితజ్ఞులు అక్కడికి రావడానికి చాలా కాలం పట్టింది. నాకు మాత్రం అందులో నచ్చేది నలుడి మొండితనం. రాజు చెప్పాడు కదా అని ఊరుకోలేదు, దిగి లెక్కపెట్టాడు.

మన కాలపు ఋతుపర్ణుడు కలియంపూడి రాధాకృష్ణారావు. లోకానికి సి.ఆర్.రావు. 1920లో హడగళిలో తెలుగింట్లో ఎనిమిదో బిడ్డగా పుట్టాడు, అందుకే కృష్ణుడి పేరు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో చదివి కలకత్తా చేరాడు. పాతికేళ్ల వయసులో, 1945లో, ఉన్న సమాచారం నుంచి ఎంత కచ్చితంగా అంచనా కట్టగలమో దానికి ఒక హద్దు ఉందని నిరూపించాడు. ఎంత తెలివైనవాడైనా ఆ హద్దు దాటలేడు. 2023లో, నూటరెండేళ్ల వయసులో, అంతర్జాతీయ గణాంక బహుమతి అందుకున్నాడు. అదే ఏడాది ఆగస్టులో పోయాడు. ఆయన ‘స్టాటిస్టిక్స్ అండ్ ట్రూత్’ అనే పుస్తకంలో చెప్పిన ఒక సంగతి ఈ హద్దులన్నిటికంటే నాకు ఇష్టం.

1947లో ఢిల్లీ అల్లర్లప్పుడు ఎర్రకోటలో వేలమంది తలదాచుకున్నారు. తిండి పెట్టే పని కాంట్రాక్టర్లది, డబ్బు ప్రభుత్వానిది. లోపల ఎంతమంది ఉన్నారో తెలియదు, లోపలికి పోయి లెక్కపెట్టే పరిస్థితి లేదు. కాంట్రాక్టరు ఎంతంటే అంత. గణాంకవేత్తలను అడిగితే వాళ్లు బిల్లులు తెప్పించుకున్నారు: బియ్యం ఇంత, పప్పు ఇంత, ఉప్పు ఇంత. ఒక మనిషి రోజుకు ఏది ఎంత తింటాడో సర్వేల వల్ల తెలుసు. బియ్యాన్ని తలసరి బియ్యంతో భాగించినా, ఉప్పును తలసరి ఉప్పుతో భాగించినా ఒకే జనాభా రావాలి. రాలేదు. బియ్యం లెక్కన జనం అందరికంటే ఎక్కువ, ఉప్పు లెక్కన అందరికంటే తక్కువ. ఖరీదైన బియ్యంలో దొంగలెక్క రాస్తే లాభం, చవకైన ఉప్పులో రాస్తే ఏం మిగుల్తుంది? ఉప్పు మాటే నమ్మారు. హుమాయూన్ సమాధి దగ్గరున్న చిన్న శిబిరంలో ఇదే పద్ధతి సరిచూస్తే సరిగ్గా దగ్గరికొచ్చింది. ఈ ఉపాయం జె.ఎం.సేన్‌గుప్తాది అని రావు రాశాడు.

బోర్ల విషయంలో ఉప్పు ఏది? నీళ్లు చూసేవాయన చెప్పే లెక్క బియ్యం, పడ్డ బోరు రైతు చెప్పేదీ బియ్యమే. అబద్ధమాడినా ఎవరికీ లాభం లేని పుస్తకం ఒకటి ఉంది: బోరుబండి డ్రైవరు చేతిలో నలిగిన డైరీ. ఏ ఊరు, ఎన్ని అడుగులు, కేసింగ్ పైపు ఎంత, నీళ్లా దుమ్మా. అడుగుల లెక్కన డబ్బు వసూలు చేయాలి కాబట్టి ఎండిన బోరు కూడా అందులో పడ్డ బోరంత శ్రద్ధగా ఉంటుంది. నాలుగు బండ్ల డైరీలు ముందేసుకుని ఒక పంచాయతీలో పదేళ్ల బోర్లన్నీ రాస్తే, పదింట్లో ఎన్ని అనే అంకె చేతికొస్తుంది. ఇప్పటిదాకా నేను ఊహించి వేసిన ఆరూ, ఏడూ, ఒకటీ అప్పుడు తీసేయొచ్చు.

ఈ మాటలన్నీ చెబితే శాంతిపురం వైపు ఒక పెద్దాయన ఓపిగ్గా విని, ‘‘అంతా బాగుంది సామీ. ఇంతకీ యాడ ఎయ్యమంటావు?’’ అన్నాడు. గట్టి ప్రశ్న. నా లెక్క దగ్గర దానికి జవాబు లేదు. భూగర్భ శాస్త్రవేత్త వచ్చి మేకులు పాతి కరెంటు పంపి చూస్తే కొంత చెప్పగలడు, అదీ కొంతే. నలుగురు అన్నదమ్ముల చేలో ఎవరి వైపు పొడవాలో తేలనప్పుడు కొబ్బరికాయ చేసే మేలు కూడా కొట్టిపారేయలేను: చోటు తేలుతుంది, గొడవ రాదు, పోయినా నింద కాయ మీదికి పోతుంది. యాడ అన్నది కాయకే వదిలేస్తాను. నాకు కావలసింది ఎన్ని అన్నది.

దానికి మళ్లీ వాల్డే దిక్కు. ఆయన యుద్ధకాలంలో చేసిన పెద్ద పని విమానాల చిల్లులు కాదు. సరుకు పరీక్షించేటప్పుడు ముందే ఇన్ని అని పెట్టుకోకుండా, ఒక్కొక్కటీ చూస్తూ, ప్రతిసారీ ‘చాలు, మంచిదే’, ‘చాలు, చెడ్డదే’, ‘ఇంకొకటి చూద్దాం’ అనే మూడింట్లో ఒకటి చెప్పే పద్ధతి. ఎంతో సరుకు, సమయం మిగిల్చే పద్ధతి కాబట్టి యుద్ధం చివరి నెలలదాకా బయటికి పొక్కనివ్వలేదు. పుస్తకం 1947లో వచ్చింది. దాని కిటుకంతా ఎక్కడ ఆపాలో మొదలుపెట్టకముందే నిర్ణయించుకోవడంలో ఉంది. పైన వేసిన లెక్కనే తీసుకుంటే, రెండు ఎండాక నూటికి 16, మూడు ఎండాక 12. మూడోది వేయాలా వద్దా అన్నది ఒక్కో ఇంటి అప్పునుబట్టి, పొలాన్నిబట్టి. కానీ ఆ అంకె రాయవలసింది మొదటి కొబ్బరికాయ కొనకముందు, ఇంట్లో అందరూ అన్నం తిని కూర్చున్నప్పుడు, బావమరిది ఊళ్లో లేనప్పుడు.

పెద్దాయన కాసేపు ఆలోచించి, ‘‘రెండు’’ అన్నాడు. పక్కనున్న ఆయన భార్య ‘‘ఒకటి’’ అంది.